బాలచెరువు అంటే నాకు గేటు పేరే తెలుసు: గాజువాకలో తొమ్మిది నెలలు

ఫిబ్రవరి 26, శివరాత్రి. ప్రతి ఏడూ లాగే ఈసారీ అప్పికొండ సోమేశ్వరుడి దర్శనానికి వెళ్ళాం. నేను, మా ఆయన, నాన్న. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరినా అప్పటికే లైను చాలా పొడుగుంది. దర్శనం అయ్యేసరికి తొమ్మిదిన్నర. తిరిగొస్తూ నీళ్ళ సీసా కోసం బండి ఆపితే, రోడ్డుకి కాస్త లోపలగా చింతచెట్టు కింద ఒక ముసలామె కనిపించింది. చెట్టు మొదలుకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, అరటిపండు ఒలిచి పెట్టింది. తర్వాత రెండు చేతులూ చెట్టుకి ఆనించి అలాగే నిలబడిపోయింది. అక్కడ గుడి లేదు, రాయి కూడా లేదు.

"ఇక్కడ ఏ అమ్మవారు మామ్మా?" అని అడిగాను.

"అమ్మోరు కాదమ్మా. మా పెరట్లో సెట్టు ఇది" అంది.

అంతే. ఆటోలో ఉన్నవాళ్ళు పిలిచారు, ఆవిడ వెళ్ళిపోయింది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఇంటికొచ్చాక ఉపవాసం మీద నిద్ర పట్టక ఆ మాటే తిరగేస్తూ పడుకున్నాను. నేను విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళ ఉక్కునగరం క్వార్టర్లో పెరిగిన పిల్లని. నాన్న 1986లో ఉద్యోగానికి వచ్చారు. ఆయన రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాం. బాలచెరువు అనే మాట చిన్నప్పటి నుంచి వేలసార్లు విన్నాను, ప్లాంటు గేటు పేరుగా. "బీసీ గేటు దగ్గర దిగిపో" అంటాం. అందులో బీ అంటే బాల, సీ అంటే చెరువు అని తెలుసు గానీ, అది మనుషులున్న ఊరని నలభై ఏళ్ళొచ్చే వరకు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ రాత్రి నాకు నిజంగా సిగ్గేసింది.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్ళు ఖాళీ అయ్యాయన్న లెక్క ఇక్కడ అందరి నోటా వినిపిస్తుంది. ఆ 64లో నాకు పేర్లు చెప్పగలిగినవి ఏడో ఎనిమిదో. మిగతావి ఎక్కడున్నాయి, ఎవరున్నారు, ఏం తిన్నారు, ఏ బావి నీళ్ళు తాగారు? అడిగి రాసుకుందాం అనుకున్నాను. నేను చరిత్ర చదివినదాన్ని కాదు, స్కూల్లో సైన్సు చెప్తాను. ఈ పనికి దిగాలనుకునేవాళ్ళకి నాకు ఎదురైనవి ముందే తెలిస్తే బావుంటుందని ఇది రాస్తున్నాను.

మొదటి నెల మొత్తం తప్పుగా చేశాను. ముప్ఫై ప్రశ్నలు టైపు చేసి, ప్రింటు తీసి, ఫైల్లో పెట్టుకుని మార్చి 9న పెదగంట్యాడలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. 1966లో ఉక్కు ఉద్యమం, నవంబరు 1న కాల్పులు, రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోవడం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన, అన్నీ వరసగా చెప్పారు. నలభై నిమిషాలు. ఒక్క తప్పు లేదు. కానీ అదంతా నాకు ముందే తెలుసు. ప్రశ్నల కాగితం చూడగానే ఆయన మళ్ళీ మాస్టారైపోయారు, నేను పరీక్ష రాసే పిల్లనైపోయాను. లేచి చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, "మా ఊళ్ళో తాటిముంజలు ఈ టైముకే వొచ్చీసేవమ్మా. ఇక్కడ కొనుక్కోవాల" అన్నారు. ఆయన దగ్గర నేను విన్న మొదటి నిజమైన మాట అది. అప్పటికే ఫోను సంచిలో పెట్టేశాను.

ఆ రోజే ప్రశ్నల కాగితం చింపేశాను. ఆ తర్వాత ఎవరినీ "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని అడగలేదు. నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవారు, పెళ్ళికి పందిరి ఎక్కడ వేసేవారు, పురుడు ఎవరు పోసేవారు, రాత్రి సముద్రం చప్పుడు ఇంట్లోకి వినిపించేదా, ఇవి అడిగాను. నీళ్ళ గురించి అడిగితే చాలు, ఊరంతా బయటికొస్తుంది. బావి ఎవరిదో, ఎవరిని తోడుకోనిచ్చేవారు, ఎవరిని ఆ గట్టు ఎక్కనిచ్చేవారు కాదు, అన్నీ.

మార్చి 23, ఆదివారం. ఇది రాయకుండా ముందుకు వెళ్ళలేను. వడ్లపూడి వైపు ఒక నిర్వాసిత కాలనీలో ఒక ఇంటికి వెళ్ళాను. ఇంటాయనకి అరవై ఉంటాయి. నన్ను చూడగానే "ఏ ఆఫీసు నించి వొచ్చినారమ్మా?" అన్నారు. ఆఫీసు కాదండీ, పాత ఊళ్ళ గురించి రాసుకుంటున్నాను అన్నాను. ఆయన ఆ మాట సగమే విన్నట్టున్నారు. గబగబా లోపలికెళ్ళి బీరువా తీసిన చప్పుడు. రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసిన కార్డు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు. వాళ్ళ నాన్న పేరు మీద ఉంది. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించి ఉంది. "లిస్టేదైనా వొచ్చిందేటమ్మా? మా పెద్దోడికి ముప్ఫయ్యారు. ఐటీఐ సేసినాడు" అన్నారు.

భూములిచ్చిన కుటుంబాలకు ఆ కార్డు మీద ఉద్యోగం వస్తుందన్న మాట ఉండేది. కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. వాళ్ళ నాన్నకి రాలేదు, ఈయనకి రాలేదు, ఇప్పుడు కొడుక్కి అడుగుతున్నారు. నేను లిస్టు మనిషిని కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. కార్డు మళ్ళీ రెండు కవర్లలో చుట్టి, రబ్బరు బ్యాండు రెండుసార్లు తిప్పి, లోపల పెట్టొచ్చి, "టీ తాగెల్లండి" అన్నారు. ఆ టీ గొంతు దిగడం కష్టమైంది.

ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే చెప్పేసేదాన్ని: నేను ఏ ఆఫీసు నుంచీ రాలేదు, నావల్ల ఉద్యోగం గానీ పట్టా గానీ రాదు, మీ మాటలు రాసుకోవడానికే వచ్చాను, ఇష్టం లేకపోతే వద్దు. కొందరు వద్దన్నారు. 2021 నుంచి కూర్మన్నపాలెం జంక్షన్లో ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా శిబిరం నడవడంతో, నేను ఆ మనిషినని కొందరు, దానికి ఎదురు మనిషినని కొందరు అనుకున్నారు. మొదటి నెలన్నరలో పద్నాలుగు ఇళ్ళు తిరిగితే నోరు విప్పింది ముగ్గురు.

తలుపు తెరిచింది రాములవారే అనాలి. ఏప్రిల్ 6, శ్రీరామనవమి. కాలనీ రామమందిరం పందిట్లో పానకం పంచుతుంటే నేనూ గ్లాసులు అందించాను. పెద్దవాళ్ళంతా అరుగు మీదే ఉన్నారు. మధ్యాహ్నం దాకా ఎవరినీ ఏమీ అడగలేదు. భోజనాలయ్యాక ఒకాయన తనంతట తనే మొదలెట్టారు: పాత ఊళ్ళో కల్యాణం ఎలా చేసేవారు, ఊరు ఖాళీ చేసేటప్పుడు గ్రామదేవత గుడి దగ్గర మట్టి ఘటంలో పోసి, డప్పులతో ఇక్కడిదాకా ఎలా తెచ్చుకున్నారు. పక్కాయన అందుకున్నారు, ఆయన తప్పు చెప్తున్నాడని ఇంకొకాయన. రెండు గంటలు. నా సంతోషానికి అంతు లేదు.

ఇంటికొచ్చి చూస్తే పదకొండు నిమిషాలే రికార్డయింది. మధ్యలో ఎవరిదో ఫోన్ వచ్చింది, రికార్డింగు అక్కడితో ఆగిపోయింది. ఆ పదకొండు నిమిషాల్లోనూ మైకు సెట్టు పాటే ఎక్కువ. ఆ రాత్రి ఏడ్చాను. తర్వాత కూర్చుని గుర్తున్నదంతా తెల్లారేదాకా రాశాను. ఈ పని చేసేవాళ్ళు ముందు ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫ్యాన్ కింద కూర్చోవద్దు, మాటల మీద గాలి హోరు పడుతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఎనభై ఏళ్ళ మనిషిని ఫ్యాన్ ఆపి కూర్చోమనలేం కదా. కాలరుకి తగిలించే చిన్న మైకు 1,350 రూపాయలకు కొన్నాక ఆ బాధ చాలావరకు తీరింది.

ఇంకోటి నేర్చుకున్నాను. పెద్దవాళ్ళు సంవత్సరాలు చెప్పరు. "మా నడిపోడు కడుపులో ఉన్నప్పుడు" అంటారు. "ఇందిరమ్మ రాయి ఏసిన ఏడు", "ఎన్టీవోడు గెలిసిన ఏడు", "ఇందిరమ్మని సంపీసిన ఏడు" అంటారు. ఆ రాయి 1971, గెలుపు 1983, చావు 1984. వాటి మధ్యలో పిల్లల వయసులు సర్దుకుంటే ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అయిందో ఏడాది అటూ ఇటూగా తేలిపోతుంది. శంకుస్థాపన అయ్యాక చాలా ఏళ్ళు పని మొదలవ్వలేదు. అందుకే "అమ్మీసిన పొలంలోనే ఇంకా దున్నుకున్నాం" అని చాలామంది చెప్పారు. మొదట్లో నాకది అర్థం కాలేదు. భూమి పోయిందని తెలుసు, ఎప్పుడు లేపేస్తారో తెలీదు. ఇల్లు నేసుకోవాలా వద్దా, కొత్త చెట్టు నాటాలా వద్దా అన్న ఆలోచనలోనే ఏళ్ళు గడిచాయి వాళ్ళకి.

ఫోటోల ఆశ పెట్టుకోకండి. ఎవరినడిగినా "హుద్‌హుద్‌లో పోయాయి" అన్నదే జవాబు. 2014 అక్టోబరు 12న ఆ తుఫానుకి రేకులు లేచిపోయి, ట్రంకు పెట్టెల్లోకి నీళ్ళు దిగాయి. నలభై ఒక్క మందితో మాట్లాడితే పాత ఊళ్ళో తీసిన ఫోటోలు మొత్తం ఆరు దొరికాయి. అందులో నాలుగు పెళ్ళివి.

మే నెల సెలవుల్లో నిర్వాసితుల కాలనీలు దాటి మిగతా గాజువాక కూడా తిరిగాను. మల్కాపురంలో షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన వెల్డరు తాతగారు, 1948 మార్చి 14న నెహ్రూగారు జలఉష ఓడని నీళ్ళలోకి దించినప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూశానని చెప్పారు. ఆయనకి గుర్తున్నది ఓడ కాదు, ఆ రోజు తండ్రి కొనిపెట్టిన జీళ్ళు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు తన్ని చంకనేసుకుని వాళ్ళమ్మ యారాడ కొండ వైపు పరిగెత్తిందట. అక్కడే ఒకావిడ 1997 సెప్టెంబరు 14న రిఫైనరీ మంటలప్పుడు గ్యాసు పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి ఊరంతా నడిచిపోయిన సంగతి చెప్పింది. దువ్వాడలో రైల్వే ఆయన, పాత గాజువాకలో కిరాణా కొట్టాయన, ఒడిశా నుంచి వచ్చి స్థిరపడిన మేస్త్రి కుటుంబం. అన్నీ రాసుకున్నాను. గాజువాక పేరెలా వచ్చిందని అడిగితే ఆరుగురు ఆరు కథలు చెప్పారు. వాక అంటే ఏరు అన్నంతవరకు అందరూ ఒప్పుకున్నారు. గాజుల దగ్గరే తేడాలొచ్చాయి. 2005లో మున్సిపాలిటీ విశాఖలో కలిసిపోయినా, ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ "టౌనుకెళ్ళొస్తాను" అనే అంటారు.

ఒక్కాయన మాట మాత్రం పూర్తిగా చెప్పాలి. 1966లో ఆయన కాలేజీ కుర్రాడు. ఉద్యమంలో జెండా పట్టుకుని నడిచారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని గొంతు పోయేలా అరిచామన్నారు. నవంబరు 1న కాల్పుల రోజు పరిగెత్తి ఎవరో తెలియనివాళ్ళ వంటింట్లో దాక్కుంటే, ఆ ఇంటామె మజ్జిగ ఇచ్చిందట. ఆయన ఊరు కూడా 64లో ఒకటి. "కర్మాగారం రావాలని అరిసినోళ్ళల్లో నానూ ఉన్నాను. అది మా ఊరి మీదకే వొస్తాదని అప్పుడు తెలీదు" అన్నారు. కాసేపాగి, "తెలిసినా అరిసీవోణ్ణే. కానీ ఊరు పోయినోళ్ళని ఇంత మర్సిపోతారనుకోలేదు" అన్నారు. ఆయనకి నేను ఎవరి కూతురో చెప్పాను. "మీ నాన్న తప్పేటుందమ్మా, పనికొచ్చినాడు" అన్నారు. ఆ మాట విన్నాక మనసు తేలికపడాల్సింది. పడలేదు.

ఇక చింతచెట్టు మామ్మ. ఎవరిని కలిసినా ఆవిడ గురించి అడుగుతూనే ఉన్నాను. పొట్టిగా ఉంటుంది, ముక్కుకి రెండు వైపులా నత్తులు, శివరాత్రికి చెట్టుకి పసుపు రాస్తుంది. ఆ పొలిమేరలో అలా చెట్టుకి మొక్కేవాళ్ళు నలుగురైదుగురున్నారని అప్పుడే తెలిసింది. జూన్ 15న దొరికింది. శివరాత్రి నుంచి లెక్కేస్తే 109 రోజులు. చివరికి చెప్పింది చేపల మార్కెట్లో ఒకావిడ: "మా అత్తోరి సెల్లెలే ఆవిడ."

మామ్మ ఊరి పేరు ఇక్కడ రాయను. ఇరవై మూడు గడపల పేట, పేరు రాస్తే మనిషి తెలిసిపోతుంది. మొదట ఆవిడ ఏమీ చెప్పలేదు. కొడుకు పక్కన కూర్చుని అన్నిటికీ తనే జవాబిస్తున్నాడు. ఇది ప్రతి ఇంట్లోనూ ఉంది. మగవాళ్ళున్నంతసేపు ఆడవాళ్ళు "ఆడు సెప్తాడు" అంటారు. వంటింట్లోకి వెళ్ళి బెండకాయలు తరగడానికి కూర్చుంటే అప్పుడు మాటలొస్తాయి. కొడుకు డ్యూటీకి వెళ్ళాక మీ ఇల్లు ఎటు ఉండేది మామ్మా అని అడిగాను. ఆవిడ చేత్తో గాల్లో చూపించింది, నాకర్థం కాలేదు. చిరాకు పడి లేచింది. ముగ్గు డబ్బా తెచ్చి, నడవలో గచ్చు మీద గీత లాగింది.

"ఇది దారి. ఇట్నించి ఎల్తే సెరువు. ఇది రాములోరి గుడి. ఇది బాయి." చుక్క పెట్టి చుట్టూ సున్నా చుట్టింది. "ఇది మా పెద్దత్తోల్లిల్లు. ఇది చాకలోల్లది. ఇది మాది. ఇదిగో ఇక్కడ సెట్టు." ఒక్కో ఇంటికి గుమ్మం ఎటు ఉండేదో అటు చిన్న ఖాళీ వదిలింది. ఎవరింట్లో ఆవులుండేవో అక్కడ రెండు చుక్కలు. ఒక ఇంటి దగ్గర చెయ్యి ఆగింది. "ఇక్కడ ఒక పిల్లుండీది, నా ఈడుదే. పురుట్లో పోయింది" అని, ఆ ఇల్లు మిగతా వాటికంటే నెమ్మదిగా గీసింది. గంటన్నర పట్టింది. ఎనభై దాటిన మనిషి, గొంతుక్కూర్చుని, నలభై ఏళ్ళ కింద వదిలిన ఊరిని గడప గడపా గీసింది. ఒక్కసారి కూడా చెరిపి దిద్దలేదు.

స్టూలు మీదకెక్కి ఫోటోలు తీశాను. పూర్తయ్యాక ఆవిడే తడిగుడ్డ తెచ్చి తుడిచేసింది. ఉంచు మామ్మా, సాయంత్రం మీ అబ్బాయి చూస్తాడు కదా అన్నాను.

"తొక్కీస్తారమ్మా" అంది.

ఆ ముగ్గు మీదే మిగతా పనంతా నడిచింది. దానికి ఒక పాత కొలతల మ్యాపు తోడైతే బావుంటుందని ఒక ఆఫీసుకి వెళ్ళాను. రెండు రోజులు తిప్పారు. సమాచార హక్కు కింద పెట్టుకోమని అక్కడి అటెండరే సలహా ఇచ్చాడు. జూలై 7న పది రూపాయల ఫీజుతో దరఖాస్తు ఇచ్చాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. వినాయక చవితి మర్నాడు, ఆగస్టు 28న వచ్చింది, 52వ రోజు. "మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లేదు" అని ఒకే వాక్యం. ఎక్కడుందో లేదు. అప్పీలు చేశాను, అది ఇంకా నడుస్తోంది. ఒక మాట: ఇచ్చిన రోజే రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి. నేను వేయించుకున్నాను కాబట్టే అప్పీలుకి కాగితం ఉంది.

ఆ ఎదురుచూపుల్లోనే ఒక మంచి జరిగింది. పాత జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు ఇంటర్నెట్లో ఉచితంగా ఉన్నాయని ఒక స్టూడెంటు చెప్పాడు. 1961, 1971 విశాఖ జిల్లా పుస్తకాలు దించుకుని, అక్షరాలు చిన్నవైతే భూతద్దం పెట్టి వెతికాను. ఊరి పేరు, విస్తీర్ణం, ఎంతమంది జనం, చదువొచ్చినవాళ్ళు ఎంతమంది, ఒక్కో ఊరికి ఒక్కో వరస. చిన్న పేటలు విడిగా ఉండవు, పెద్ద ఊరిలో కలిసిపోయి ఉంటాయి. బాలచెరువు పేరు అచ్చులో కనబడగానే గట్టిగా అరిచాను, వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. గేటు కాదు, ఊరు. ఉప్పుమళ్ళలో పనిచేసిన బాలచెరువు తాతయ్య ఒకాయన, అరికాళ్ళు పగిలి ఉప్పు మంటెత్తేదని, రాత్రి ఆవనూనె రాసుకుని పడుకునేవాళ్ళమని జూలైలో చెప్పారు. ఆ పుస్తకంలో అంకెగా ఉన్నవాళ్ళలో ఆయన ఒకరు.

ఊరంతా తిరిగాను గానీ ఇంట్లో మనిషిని అడగలేదు. ఆగస్టు రెండో వారంలో ఒక రాత్రి కరెంటు పోతే నాన్న డాబా మీద పడుకున్నారు. పక్కన కూర్చుని, మీరు వచ్చినప్పుడు లోపల ఇళ్ళుండేవా నాన్నా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. రాజాం దగ్గర పల్లెటూరి నుంచి ఇరవై నాలుగేళ్ళప్పుడు వచ్చారు. ఫర్నేసులు ఇంకా కడుతున్నారు. మొదటిది, గోదావరి, 1990లో గానీ వెలగలేదు. సైటు అంచుల్లో పైకప్పుల్లేని మట్టిగోడలు, గూళ్ళు, తులసికోటలు ఉండేవట. "భోజనానికి ఆ గోడల నీడలో కూర్చునేవాళ్ళం. గూట్లో దీపం మసి ఇంకా ఉండేది" అన్నారు. "నేను ఒకటి తెచ్చాను అక్కణ్ణించి."

మా వంటింట్లో సన్నికల్లు ఉంది. అమ్మ ఇప్పటికీ అల్లం, వెల్లుల్లి దాని మీదే నూరుతుంది. నా పెళ్ళికి పసుపు దాని మీదే కొట్టారు. అది ఒక తులసికోట పక్కన పడుంటే, లారీల కింద పడి పగిలిపోతుందని సైకిలు మీద కట్టి తెచ్చానన్నారు నాన్న. ఎవరిదో తెలీదు. అమ్మకి కూడా ఇన్నేళ్ళూ కొన్నానని చెప్పారట. చీకట్లో ఆయన మొహం కనిపించలేదు. గొంతు మాత్రం మారింది.

సెప్టెంబరు 14న ఆ సన్నికల్లు ఆటోలో పెట్టుకుని నేనూ నాన్నా మామ్మ ఇంటికి వెళ్ళాం. నాన్న చాలా టెన్షన్ పడ్డారు, దారిలో రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోదాం అన్నారు. ఆవిడదే అవ్వాలని నేను మనసులో ఎంత కోరుకున్నానో చెప్పలేను. మామ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అరచేత్తో నూరే వైపు తడిమి, అంచు కింద వేళ్ళు పెట్టి చూసింది.

"మాది కాదు. మాది ఇంత సన్నం కాదు, ఈ మూల పెచ్చు లేసుండీది" అంది. నాన్న తల దించుకున్నారు. "ఎవురిదో పాపం. బాగా నూరిన రాయి బాబూ. తీసుకెల్లండి, నూరుకోండి. ఖాళీగా ఉంచకండి" అంది.

తిరిగొచ్చాక నాన్న ఆ రాత్రి బాగా నిద్రపోయారని అమ్మ చెప్పింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా దాని ఫోటో చూపించి అడుగుతున్నాను.

ఖర్చు కూడా చెప్తాను, ఎంతవుతుందోనని వెనకాడేవాళ్ళ కోసం. తొమ్మిది నెలల్లో మొత్తం 11,400 రూపాయలైంది. అందులో ఆటోలు, పెట్రోలుకి ఐదు వేల పైన. మైకు, ఒక హార్డ్ డిస్కు కలిపి 4,700. మిగతాది జెరాక్సులు, చార్టులు, పళ్ళు. ఉత్తచేతులతో వెళ్ళడం బాగోదు. అరడజను అరటిపళ్ళు చాలు, స్వీట్లు వద్దు, సగంమందికి షుగరు. డబ్బుకంటే టైమే ఎక్కువ పోతుంది. ఒక గంట మాట రాయడానికి నాకు ఐదు గంటలు పట్టింది. ఫోన్లో మాటని రాతగా మార్చే యాప్‌లు ఈ యాసని పట్టలేవు. "ఉండీది"ని ఒకచోట "ఉండేది" అని, ఇంకోచోట ఏదో పేరులా రాస్తాయి. చేత్తోనే రాసుకున్నాను, వాళ్ళు పలికినట్టే.

అక్టోబరు 19న ఉప్పుమళ్ళ తాతయ్య పోయారు. మూడు నెలల కిందటే మాట్లాడిన మనిషి. పెద్దకర్మ రోజు వాళ్ళ మనవరాలు పక్కకి తీసుకెళ్ళి, "అక్కా, తాతయ్య గొంతు నీ దగ్గరుంది కదా" అంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. ఆ సాయంత్రం టీవీకి పెట్టి ఇంటిల్లిపాదీ విన్నారు. అరికాళ్ళ మంట గురించి చెప్పే చోట ఆయన దగ్గుతారు. ఆ దగ్గు దగ్గర అందరూ ఒక్కసారి ఏడ్చారు. అప్పటి నుంచి రికార్డు చేసిన వారంలోపే ఎవరిది వాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేస్తున్నాను. ముందు నుంచీ అలా చేయాల్సింది.

నవంబరు 9, ఆదివారం. మామ్మ ముగ్గుని పెద్ద చార్టు మీద స్కెచ్ పెన్నులతో వేసి, ఇంటి పేర్లు రాసి రామమందిరం అరుగు మీద పరిచాను. ఆ పేట నుంచి వచ్చినవాళ్ళలో ఆరుగురు మిగిలి ఉన్నారని తెలిసి ఆరుగుర్నీ పిలిచాను. ఇద్దరిని మనవలు బండి మీద తెచ్చారు. కళ్ళజోళ్ళు రెండే ఉన్నాయి, మార్చి మార్చి పెట్టుకున్నారు. చార్టు మీద ఎవరూ కాలు పెట్టకుండా చుట్టూ చేరారు. ఒకాయన తన ఇంటి మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

తర్వాత గొడవ మొదలైంది. బావి గుడికి తూర్పున ఉండేదని మామ్మ, కాదు పడమర అని ఆయన. "నానెన్ని కడవలు మోసినానో నాకు తెల్దా" అని ఆవిడ. "పొద్దున్న నీళ్ళు తోడితే ఎండ ఈపు మీద పడీది, నాకు గురుతు" అని ఆయన. మిగతా నలుగురూ రెండు పక్షాలైపోయారు. రెండు చోట్లా పెన్సిలుతో సున్నా చుట్టి ఉంచాను. వచ్చే ఆదివారం అగనంపూడిలో ఆ పేటకి నీళ్ళు తోడిన ఇంకొకావిడ ఉందట, ఆవిడని అడిగి రమ్మన్నారు.